అసిమోవ్ గారి ఐదొందల పుస్తకాలూ, నా చత్వారమూ

ఐజాక్ అసిమోవ్‌ని చదవాలనుకున్నవాడికి కష్టం పుస్తకాలు దొరక్కపోవడం కాదు, దొరికిపోవడం. ఆయన రాసినవీ, సంకలనం చేసినవీ కలిపితే ఐదొందలకి అటూ ఇటూగా ఉంటాయి. అందులో సైన్స్ ఫిక్షన్ వాటా తక్కువే. మిగతావాటిలో రసాయన శాస్త్రం ఉంది, రోమన్ చరిత్ర ఉంది, బైబిల్‌కి గైడు, షేక్‌స్పియర్‌కి గైడు ఉన్నాయి, పెద్దమనిషి తరహాకి ఏమాత్రం నప్పని కొంటె లిమరిక్కులు కూడా ఉన్నాయి. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆయన పేరు కనబడ్డ అట్టనల్లా కొనుక్కొచ్చేవాళ్ళని నేనెరుగుదును. పాపం, వాళ్ళు రోబోల కోసం వెళ్ళి భిన్నాలూ దశాంశాలతో తిరిగొస్తారు.

ఇంజినీరింగ్ చదివే మా మేనల్లుడు ఈమధ్య వచ్చి, "మావయ్యా, ఫౌండేషన్ సీరియల్ చూసేశాను, పుస్తకాలు ఏ వరసలో చదవాలి?" అన్నాడు. ఆ ప్రశ్న అసిమోవ్ భక్తులు నలుగురున్న చోట అడిగితే సాయంత్రం కాఫీ కాస్తా రాత్రి భోజనం అవుతుంది.

ఒక వర్గం వాళ్ళది కథాకాలం వరస. దీనికి సాక్షాత్తూ అసిమోవ్ గారి ఆమోదముద్రే ఉంది. 1988లో వచ్చిన 'ప్రిల్యూడ్ టు ఫౌండేషన్' ముందుమాటలో ఆయనే పద్నాలుగు పుస్తకాల పట్టిక ఇచ్చారు. రోబోలతో మొదలెట్టి, సామ్రాజ్యం నవలల మీదుగా నడిచి వెళ్తే ఫౌండేషన్ పదో స్థానంలో తగులుతుంది. దారిలో ఏడోది 'ది స్టార్స్, లైక్ డస్ట్'. తన నవలల్లో తనకే బొత్తిగా నచ్చనిది అదేనని ఆయన చెప్పుకున్నారు. వంట చేసినాయనే బాగాలేదన్న కూర మనమెందుకు వడ్డించుకోవాలి? పైగా తొమ్మిదోది రాసేనాటికి పదోది అచ్చయి ముప్ఫై ఏడేళ్ళు. ఆ పట్టిక పట్టుకుంటే మావాడు ఫౌండేషన్ చేరేసరికి వాడి మేనల్లుడు వచ్చి వాణ్ణి వరస అడుగుతాడు.

అయితే నేరుగా 1951 నాటి 'ఫౌండేషన్'తోనే మొదలెట్టమందామా? అక్కడా ఒక తిరకాసుంది. ఆ కథలు 1942 నుంచి 'అస్టౌండింగ్' పత్రికలో వచ్చాయి. పుస్తకంగా వేసేటప్పుడు ముందు ఒక అధ్యాయం కావాల్సొచ్చి కొత్తగా రాశారు. అంటే పుస్తకంలో మొదటిది రాతలో చివరిది. వరస గురించి రచయితకే లేని పట్టింపు మనకెందుకు చెప్పండి!

సీరియల్ చూసి వచ్చినవాడికి ఇంకో దెబ్బ కూడా కాచుకునుంది. పుస్తకంలో యుద్ధాలు చాలావరకు తెర వెనకే జరిగిపోతాయి. తెర ముందు జరిగేది మాటలే. గెలాక్సీ సామ్రాజ్యం కూలాక ముప్ఫై వేల ఏళ్ళు సాగబోయే అరాచకాన్ని వెయ్యేళ్ళకి కుదించడానికి హారీ సెల్డన్ అనే గణిత శాస్త్రజ్ఞుడు లెక్కలు వేసి కన్నుమూస్తాడు. ఆ తరవాత మేయర్లూ వర్తకులూ గదుల్లో కూర్చుని చుట్టలు కాలుస్తూ ఒకరి ఎత్తు ఒకరు చిత్తు చేస్తుంటారు. నాకు ప్రాణం లేచొచ్చేది ఆ సంభాషణలకే. మావాడు రెండో అధ్యాయంలో, "మావయ్యా, ఇంతకీ ఎవరూ ఎవర్నీ కొట్టరా?" అని ఫోన్ చేస్తాడని కూడా తెలుసు.

అందుకని వాడి చేతిలో 'ది కేవ్స్ ఆఫ్ స్టీల్' పెట్టాను. 1954 నాటి నవల. ఒక హత్య, ఒక డిటెక్టివ్, అచ్చం మనిషిలా ఉండే రోబో సహాయకుడు. మూడు వేల ఏళ్ళ తరవాతి న్యూయార్క్‌లో జనం ఉక్కు కప్పు కింద బతుకుతూ, ఈస్ట్‌తో చేసిన తిండి తింటూ, ఆరుబయట ఆకాశం చూస్తే వణికిపోతుంటారు. భూమి మీద ఎనిమిది వందల కోట్ల మంది కిక్కిరిసిపోవడమే కారణమట. ఆ లెక్క మనం 2022లోనే దాటేశాం, ఇంకా డాబా మీద ఒడియాలు ఎండబెట్టుకుంటూనే ఉన్నాం! ఆ ఇరుకు నగరాన్ని అంత ఇష్టంగా ఎలా రాశారంటే, అసిమోవ్‌కి మూసిన గదులంటేనే హాయి. విమానం ఎక్కాలంటే భయం. గెలాక్సీ ఈ చివర్నించి ఆ చివరికి జనాన్ని తిప్పిన మనిషి తను మాత్రం రైళ్ళనీ ఓడలనీ నమ్ముకున్నారు.

నవలకి కూడా తీరిక లేదంటే కథలున్నాయి. తను రాసిన కథల్లో తనకి బాగా ఇష్టమైనది 1956 నాటి 'ది లాస్ట్ క్వశ్చన్' అని ఆయనే చెప్పారు. పది పన్నెండు పేజీలు, అంతే. ముందు అది చదవండి. నచ్చితే 'కేవ్స్ ఆఫ్ స్టీల్', అదీ నచ్చితే ఫౌండేషన్ మొదటి మూడూ. 1980లలో పొడిగించిన భాగాల జోలికి ఆ మూడూ అయ్యాక కూడా ఆకలి తీరకపోతేనే వెళ్ళండి. వెళ్ళకపోయినా నష్టం లేదు.