తల ఒకటి, టోపీలు మూడు

తొర్రూరు ఎక్కడుందని అడిగితే ‘ఏ పని మీద?’ అని ముందు ఎదురు ప్రశ్న వేయాలి. కలెక్టరుకు దరఖాస్తు పెట్టాలంటే మానుకోట (మహబూబాబాద్) జిల్లా. ఎమ్మెల్యే ఓటుకు పాలకుర్తి, ఆ పాలకుర్తేమో జనగామ జిల్లా. ఎంపీ ఓటుకు వరంగల్. 2016 అక్టోబర్ 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి గానీ, నియోజకవర్గం మాత్రం 2009 ఎన్నికలకు కుట్టిన చొక్కాగానే ఉండిపోయింది. కొడకండ్ల, దేవరుప్పుల జనగామలో, పెద్దవంగర మన తొర్రూరుతోపాటు మానుకోటలో, రాయపర్తి వరంగల్‌లో. ఒక్క ఎమ్మెల్యేకు ముగ్గురు కలెక్టర్లన్నమాట. శంకుస్థాపనకు ఎవర్ని పిలవాలో ప్రొటోకాల్ వారికే ఎరుక!

జిల్లా గీత రాష్ట్రానిది, నియోజకవర్గం గీత డీలిమిటేషన్ కమిషన్‌ది, రెండూ కలవాలని ఎక్కడుందంటారు. నిజమే. కానీ ఒకటి కదలదని తెలిసినప్పుడు, కదిలేదాన్ని దాని పక్కనే గీస్తే సుద్దముక్క అరిగిపోయేదా? జిల్లా ఆఫీసు దగ్గరైంది కదా, రెవెన్యూ డివిజన్ వచ్చింది, 2018లో మున్సిపాలిటీ కూడా వచ్చిందంటారు. అదీ ఒప్పుకోవాల్సిందే, వరంగల్ కంటే మానుకోట దగ్గరే. అయితే ట్రంకుపెట్టెలోని పాత రిజిస్ట్రీ కాగితం మడత విప్పితే ఇప్పటికీ ‘వరంగల్ జిల్లా’ అనే ఉంటుంది. ఆ ఊరూ ఈ ఊరూ ఒకటేనని చెప్పుకోవడానికి ఇంకో జిరాక్స్ జత చేయాలి, రెండు సెట్లు.