ర్యామన్న స్కోరు

రామన్నలు మా వైపు వీధికి ఇద్దరుంటారు. ర్యామన్న మాత్రం ఊరికొక్కడే. ఆదోనిలో ఒకడు, ఎమ్మిగనూరులో ఒకడు, ఇటు తుగ్గలి పక్కన జొన్నగిరిలో ఒకడు. అసలు పేరు రేషన్ కార్డులో ఉంటుంది, దాంతో ఎవరికీ పనిలేదు. జొన్నగిరి ర్యామన్నది పెండ్లి పత్రికలు, ఫ్లెక్సీలు, అడంగల్ ప్రింట్లు చేసే చిన్న అంగడి. మూలన పక్క రేకు ఊడదీసిన సీపీయూ. దానికి మూత ఉండగా చూసినవాళ్ళు ఊళ్ళో లేరు.

ఏ రోగానికైనా ర్యామన్న దగ్గర మందు ఒకటే. నెట్ రావడం లేదా, ర్యామ్ పెంచు. ప్రింటరు కాగితం మింగిందా, ర్యామ్ పెంచు. కరెంటు పోయినప్పుడు మాత్రం కొంచెంసేపు ఆలోచిస్తాడు.

ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. ఆదోని పత్తి యార్డు దగ్గర కమీషన్ దుకాణంలో ఒక 4 జీబీ కంప్యూటరు ఉండేది. ట్యాలీ తెరిచి, పక్కన క్రోమ్‌లో నాలుగు పేజీలు పెడితే చాలు, మెమరీ నిండిపోయేది. పట్టనిదంతా పాత హార్డ్ డిస్కులోకి దించి, అవసరమైనప్పుడు మళ్ళీ ఎక్కించుకొనేది. గుమాస్తా బిల్లు నొక్కి, బయటికెళ్ళి ఒగ్గాని బజ్జీ తిని వచ్చేవాడు. ర్యామన్న ఇంకో 4 జీబీ తగిలించాడు. బిల్లు టక్కున వచ్చింది, గుమాస్తాకు బజ్జీ పోయింది. అక్కడ కొరత ఉండింది గనుక మందు పనిచేసింది. ర్యామన్న కొరతను మరిచిపోయి మందును గుర్తుపెట్టుకున్నాడు.

సొంత మిషన్‌కు 8 అయింది, 16 అయింది, ఇప్పుడు 32. దాని మీద ఆయన చేసే పని అనూ ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో పత్రికలు కొట్టడం. పేజ్‌మేకర్ ఆఖరి పెద్ద వెర్షన్ 2001లో వచ్చింది. అది 32 బిట్ల కాలం సరుకు, మామూలుగా 2 జీబీ గీత దాటి కాలు పెట్టలేదు. మిగిలిన మెమరీలో ముక్కాలు మువ్వీసం పగలూ రాత్రీ పండుకొనే ఉంటుంది. ఆ మాటంటే, "ఖాళీగా ఉంటేనే కదప్పా ఫ్రీగా ఆడేది!" అంటాడు.

నెలకోసారి ర్యామ్‌కు స్నానం. స్టిక్కులు బయటికి తీసి, వాటి బంగారు పళ్ళను స్కూలు పిల్లల రబ్బరుతో రుద్దుతాడు. ఆ పూత ఎంత పలుచనంటే, గట్టిగా రుద్దితే రబ్బరుకే బంగారం దక్కుతుంది. జొన్నగిరి నేలలో బంగారం ఉందని అందరూ అటు చూస్తుంటే, "నా గని ఇదీ" అంటూ ఉఫ్ అని ఊది, రెండో స్లాటులో ఒకటి, నాలుగో స్లాటులో ఒకటి దిగ్గొడతాడు. స్లాటు చెవులు టక్కుమనాలి. లేకుంటే మళ్ళీ తీస్తాడు.

డ్యూయల్ ఛానల్ అంటే ఆయనకు పూనకం. డీడీఆర్4 3200 స్టిక్ ఒంటరిగా సెకనుకు 25.6 జీబీ మోస్తే, జంటగా 51.2. లెక్క నిజమే. వేరే గ్రాఫిక్స్ కార్డు లేక ఆ మెమరీనే పంచుకొనే మిషన్‌లో గేములు బాగా తేలికపడతాయి కూడా. పెండ్లి పత్రికలో వినాయకుడి బొమ్మకు అంత దూకుడు అక్కర్లేదు. ఒకసారి చవగ్గా దొరికిందని 3200 పక్కన 2400 స్టిక్ కట్టాడు. కాడిలో ఒక ఎద్దు మందమైతే రెండోదీ దాని నడకే నడిచినట్టు, రెండూ 2400కు దిగాయి. రెండు రోజులు అంగడి తెరవలేదు.

ఇక స్కోరు. 16 జీబీతో సినీబెంచ్ నడిపింది మే నెల మిట్టమధ్యాహ్నం, రేకుల కింద. ప్రాసెసరు నూరు డిగ్రీల దగ్గరికి పోయి, కాలిపోకుండా తన వేగం తానే తగ్గించుకుంది. 32 వేసి నడిపింది తొలకరి పడిన మర్నాడు. చుట్టుపక్కల జిల్లాల నుంచి, బళ్ళారి నుంచి జనం దిగి జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం నడుము వంచి వెతుకుతున్నారు. ర్యామన్న ఒక్కడే అంగట్లో తెరకు కండ్లప్పగించి కూర్చున్నాడు. స్కోరు పెరిగింది. "చూస్తివా, 32 మహిమ!"

సినీబెంచ్ కొలిచేది ప్రాసెసరు సత్తాను. చాలినంత మెమరీ ఉన్నాక ఇంకెంత పోసినా దానికి పెద్దగా పట్టదు. డిగ్రీ చదివే కుర్రోడొకడు అడిగాడు: "అన్నా, ఈ చల్లదనంలోనే పాత 16తో ఒకసారి చూడరాదా?"

"చూసినా. సేవ్ చేయలేదు."

2025 చివరికొచ్చేసరికి చిప్పుల కంపెనీలు ఏఐ డేటా సెంటర్ల వైపు తిరిగి, మామూలు ర్యామ్ ధరలు మండిపోయాయి. కొన్నదానికంటే ఎక్కువిస్తామని బేరం వచ్చింది. ఒక స్టిక్ అమ్మేసి ఇన్వర్టరు బ్యాటరీ మార్చమంది ఇంటావిడ.

"ఒకటి తీస్తే ఛానల్ పోతుంది! జోడీ విడిపోతే ఇది బతకదే!"

"చిప్పుకు జోడీ లేకపోతే ఇంత కష్టమా? నేను నెల దినాలు పుట్టింట్లో ఉంటే ఒక్క ఫోనన్నా చేసినావా?"

ర్యామన్న రబ్బరు పట్టుకొని సీపీయూ వెనక్కి పోయాడు. ఏదో వైరు లూజుగా ఉందట.