డైరీలో ఎర్ర సిరా కనిపిస్తే...

మీ వాడు ఏడో తరగతి. డైరీలో ఎర్ర సిరాతో ‘క్లాసులో అల్లరి, హోంవర్క్ నిల్, తండ్రిగారు వచ్చి కలవగలరు’ అని ఉంది. కంగారుపడకండి. వాణ్ణే పిలిచి అడగండి. "ఆ టీచర్‌కి నేనంటే పడదు డాడీ" అంటాడు. విచారణ అయిపోయింది.

బడికి వెళ్ళక తప్పదనుకుంటే ముందు ఫోన్ చేయకండి, చులకనైపోతారు. పాఠం మధ్యలో గుమ్మంలో నిలబడి, క్లాసంతా వినేట్టు నిలదీయండి. మొహమాటస్తులైతే మన వైపు పాత మంత్రం ఉండనే ఉంది: "కళ్ళు రెండూ వదిలేసి తోలు ఒలిచేయండి మాస్టారూ." పిల్లల్ని కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చెబుతోందని ఆయనకి తెలుసు. ఇవాళ తోలు ఒలవమన్న తండ్రే రేపు వాత చూసి స్టేషన్ మెట్లెక్కుతాడనీ తెలుసు. అందుకే నవ్వి ఊరుకుంటాడు. మీరు మాత్రం బాధ్యత తీరిపోయినట్టు బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో కలిసిపోండి.

మాస్టార్లకీ ఓ చిట్కా. జూన్ నుంచి గమనించినవన్నీ దాచి, ప్రోగ్రెస్ కార్డు రోజున ఆ అల్లరి పిల్లాడి తల్లి మీద ఒక్కసారే కుమ్మరించండి. మధ్యాహ్న భోజనం దగ్గర చిన్న పిల్లలకి నీళ్ళు పట్టిచ్చేది వాడేనన్న సంగతి పొరపాటున కూడా నోరు జారకండి.

2024 డిసెంబర్ 7న రాష్ట్రంలో ప్రభుత్వ బడులన్నిటా ఒకేరోజు తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. ముఖ్యమంత్రి బాపట్ల మున్సిపల్ హైస్కూలుకి వెళ్ళారు. అమ్మలకి ముగ్గులు, నాన్నలకి తాడులాట. మళ్ళీ పిలిస్తే వెళ్ళండి. తాడు లాగండి, సెల్ఫీ దిగండి. మీ వాడి సంగతి ఎత్తకండి. కార్పొరేట్ స్కూలైతే ఐఐటీ ఫౌండేషన్‌లో ర్యాంకెంతో అడిగి వచ్చేయండి.

సర్కారు బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని అదే విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. మీటింగుకి రమ్మంటే ఉయ్యూరు వైపు వాళ్ళు చెరకు నరుకుడుందనండి, దివిసీమ వాళ్ళు ఊడ్పులనండి, బెజవాడ వాళ్ళు ఏదో ఒకటి అనండి.

ఈ పద్ధతి పనిచేస్తుందనడానికి నేనే సాక్ష్యం. సత్యనారాయణపురంలో మా ఇంటికీ బడికీ పది నిమిషాల నడక. ఆ దారిన నేను తప్ప మా ఇంట్లో ఎవరూ నడవలేదు. మా నాన్న సంతకం కింద ఒక గీత, గీత కింద రెండు చుక్కలు. ఎనిమిదో తరగతిలో ఆ సంతకం నేనే పెట్టేవాణ్ణి. ఓసారి చెయ్యి తడబడి మూడు చుక్కలు పడ్డాయి. రాత్రంతా నిద్ర లేదు. పొద్దున సారు చూసి టిక్కు పెట్టేశారు. అసలు సంతకం ఆయన ఎప్పుడు చూశారు గనక!

ఇవాళ రాత్రి మీ వాడు పడుకున్నాక డైరీ తీయండి. సంతకం కింద చుక్కలెన్నో లెక్కపెట్టుకోండి.