రొయ్యకున్న వైభోగం

గొంతు నొప్పితో మూడ్రోజులు మూలిగి, చివరికి డాక్టరు దగ్గరకెళ్లాను. చదువుకున్నవాణ్ణి కదా, మందు కూడా నేనే చెప్పాను. "యాంటీబయాటిక్ ఏదైనా రాయండి సార్." ఆయన కళ్లజోడు పైనుంచి చూసి పావుగంట పాఠం చెప్పారు. ఇది వైరస్‌ట. వైరస్ మీద ఆ మందు పనిచేయదట. ఊరికే మింగితే ఒంట్లోని బ్యాక్టీరియా దానికి రాటుదేలిపోయి, రేపు నిజంగా ప్రాణం మీదికొచ్చినప్పుడు ఆ మాత్ర సున్నపు బిళ్లతో సమానమట. ఉప్పునీళ్లు పుక్కిలించమన్నారు. ఫీజు మాత్రం ఫుల్ డోసే తీసుకున్నారు.

గుమ్మం దిగుతుంటే భీమవరం దగ్గర్నుంచి బాబాయి ఫోను. వెనకాల రొయ్యల చెరువు ఏరియేటర్ల హోరు.

"చెరువులో తెల్లమచ్చ తగిలిందిరా. మందుల షాపు కుర్రోడొచ్చి మేతలో కలపమని డబ్బా ఇచ్చెళ్లాడు."

"తెల్లమచ్చ వైరస్ కదా బాబాయ్! యాంటీబయాటిక్ పనిచేయదు."

"నీకెవడు చెప్పాడు?"

"ఇప్పుడే, మా డాక్టరు..."

"ఆయనకెన్నెకరాలు?"

నా దగ్గర జవాబు లేదు.

అసలు రొయ్యకున్న వైభోగం నాకెక్కడిది? గట్టు మీదికే వైద్యుడొస్తాడు. చీటీ అడగడు. డబ్బులు పట్టుబడి అయ్యాకే. కోడి భోగం ఇంకా ఎక్కువ. దానికి జబ్బు కూడా అక్కర్లేదు, బరువు పెరగాల్సి ఉంటే చాలు.

చిత్రమేమిటంటే, ఈ బరువు కిటుకు కథలోనూ భీమవరం ఉంది. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లే పరిశోధనశాలకు పెద్దదిక్కుగా ఉన్న రోజుల్లోనే ఆరియోమైసిన్ బయటికొచ్చింది. టెట్రాసైక్లిన్ల వంశానికి అదే మొదటి బిడ్డ. 1948 ఆగస్టులో ఆయన పోయారు. కొద్ది నెలలకే అదే సంస్థలో జూక్స్ అనే శాస్త్రవేత్త, ఆ మందు తీయగా మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు పెట్టి చూశాడు. ఆయన వెతుకుతున్నది బి12 విటమిన్ కోసం. పిల్లలు మాత్రం లెక్కకు మించి బలిశాయి. అంతే, మనుషుల్ని బతికించడానికి పుట్టిన మందు దాణాలో చేరిపోయింది.

చాలీచాలని డోసు తగిలిన క్రిమి చావదు, మొండికెత్తుతుంది అని ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ప్రసంగంలోనే హెచ్చరించాడు. బరువు కోసం దాణాలో కలిపేది సరిగ్గా ఆ చాలీచాలని డోసే. అంటే షెడ్లు కట్టి మరీ బ్యాక్టీరియాకు ట్యూషన్లు చెబుతున్నామన్నమాట. వసతి, భోజనం మనవే.

ఆ ట్యూషన్లో ఫస్టొచ్చిన విద్యార్థి సంగతి 2015 నవంబరులో చైనా నుంచి తెలిసింది. కొలిస్టిన్ అని ఒక మందుంది. ఐసీయూలో ఇంకేదీ పనిచేయనప్పుడు డాక్టర్లు ఆఖరున బయటికి తీసేది. దాన్ని తట్టుకునే జన్యువు పందుల్లోనూ, మాంసంలోనూ, మనుషుల్లోనూ దొరికింది. పైగా అది పరీక్ష హాల్లో స్లిప్పులాగా ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి చేతులు మారుతుంది. పశువులకీ, కోళ్లకీ, చేపలకీ కొలిస్టిన్ వాడకాన్ని మనవాళ్లు 2019 జులైలో నిషేధించారు. అప్పటిదాకా మనిషికి ఆఖరి మందు, కోడికి టిఫిను.

రైతుని ఆడిపోసుకోవడం తేలిక. కాంట్రాక్టు కోళ్ల షెడ్డులో పిల్లలు కంపెనీవి, దాణా కంపెనీది. షెడ్డు, చాకిరీ రైతువి. బస్తాలో ఏం కలిపారో ఆయనకెవరు చెప్తారు? స్వీడన్ బరువు కోసం మందు మేపడం 1986లోనే మానేసింది, యూరోపియన్ యూనియన్ మొత్తం 2006లో. అక్కడ కోళ్లేమీ అంతరించిపోలేదు. ఇరుకు తగ్గించి, లిట్టరు పొడిగా ఉంచి, వేళకు టీకాలేసుకుంటే సరిపోయింది. ఇదంతా బాబాయికి చెప్పాను. "అదంతా పనిరా. డబ్బాకైతే మూత తీస్తే చాలు" అన్నాడు. ఆర్థికశాస్త్రం ఇంత సూటిగా నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

ఆ యూరప్ వాడే 2016లో మన చెరువుల సరుకు మీద మందు జాడల పరీక్షల్ని సగం లోడ్లకు పెంచాడు. యూరప్ పొట్ట అంటే బాబాయికి చచ్చేంత భయం. ఎగుమతి ప్లాంటుకెళ్లే సరుకైతే పట్టుబడికి చాలా ముందే డబ్బా మూత బిగించేస్తాడు. మా వీధి చివర బండి మీది రొయ్యకు మాత్రం ఒక్కటే పరీక్ష. తల పట్టుకుని వాసన చూస్తాం. కంపు కొట్టకపోతే పాస్.

సాయంత్రం మళ్లీ ఫోను.

"నీ గొంతేంట్రా అలా ఉంది? డాక్టరు మందివ్వలేదా?"

"ఉప్పునీళ్లు పుక్కిలించమన్నాడు."

"పిసినారి సచ్చినోడు! నా దగ్గర డబ్బాలో సగం మిగిలింది. పొద్దున్న బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపనా?"

గొంతు మంటెత్తిపోతోంది. పొద్దున విన్న పాఠమంతా ఆ మంటలోనే కాలిపోయింది. "డోసెంత బాబాయ్?" అన్నాను.

అవతల కాగితం మడతలు విప్పుతున్న చప్పుడు.

"టన్ను మేతకింత అని రాశాడు. నువ్వు పూటకెంత తింటావురా?"