నోటి అద్దం ఆత్మకథ

నేను నోటి అద్దాన్ని. పళ్ల డాక్టర్లు మౌత్ మిర్రర్ అంటారు. సన్నటి స్టీలు కాడ, దాని కొసన రూపాయి బిళ్లంత గుండ్రటి అద్దం, ఇదే నా ఆకారం. ఒక నోటి నుంచి బయటికి రాగానే ఆటోక్లేవులో 121 డిగ్రీల ఆవిరిలో ఉడికి, శుభ్రపడి, మరో నోట్లోకి వెళ్తాను. మనిషి తనంతట తాను చూసుకోలేని అంగిలిని చూపించడం నా పని.

శ్రీకాకుళం తీరంలో జరిగే వైద్య శిబిరాల్లోనే నా బతుకు చాలావరకు గడిచింది. అక్కడ అడ్డచుట్ట అలవాటు పాతది. వెలిగే కొసను నోట్లోకి పెట్టుకుని, పెదాలు మూసి పీలుస్తారు. మగవాళ్లకన్నా ఆడవాళ్లలోనే ఎక్కువ. సముద్రపు గాలికి నిప్పు ఆరదు, చుట్ట చాలాసేపు వస్తుంది, చేతులు పనికి ఖాళీగా ఉంటాయి. ఆ సమయంలో నోట్లో గాలి 120 డిగ్రీల దాకా వేడెక్కుతుందని పరిశోధకులు కొలిచారు. నేను ఉక్కును, తట్టుకుంటాను. మెత్తటి అంగిలి ఎలా తట్టుకుంటుంది?

చేపలమ్మే ఒక మామ్మ నోట్లో చూసింది చెబుతాను. అంగిలంతా తెల్లగా మందం కట్టింది. నడుమ ఎర్రటి చుక్కలు. అవి ఉమ్మి ఊరే చిన్న గ్రంథుల నోళ్లు, వాచి పైకి తేలాయి. నొప్పి మాత్రం లేదు. అందుకే అది జబ్బని ఆమెకు తెలియలేదు. డాక్టరమ్మ ఆమె చేతికి ఇంకో అద్దమిచ్చి, నన్ను లోపల పెట్టి చూపించింది.

"ఇది ఇంకా క్యాన్సర్ కాదు మామ్మా. చుట్ట ఒగ్గేస్తే తగ్గొచ్చు. ఒగ్గకపోతే క్యాన్సరయ్యే ప్రమాదముంది."

"అన్నం తిన్నాక అది నేకపోతే పేణం నిలవదమ్మా."

"ఆ లాగుడు కొద్ది నిమిషాలే. నీళ్లు తాగు, సోంపు నములు, లేచి నాలుగడుగులు నడువు. ఇంట్లో చుట్టలుంచకు. ఖైనీకి మళ్లకు, అదీ పొగాకే. తట్టుకోలేకపోతే మనవడిచేత 1800-11-2356కి ఫోను చేయించు, డబ్బులు పడవు."

తర్వాతి శిబిరాలకూ ఆమె వచ్చింది. తెలుపు పల్చబడి, అంగిలి గులాబీ రంగుకు తిరిగింది. "రేవుకాడ ఒక్కటి కాల్చమని ఇస్తారమ్మా. ఇంకోపాలి నాకియ్యొద్దని సెప్పీసినాను" అంది. ఆమె గెలుపు ఆ మాటలోనే ఉంది. మానడం ఒకనాటి పనే, ఆ మాట మీద నిలబడటం రోజూ చేయాల్సిన పని.

పుండు పడ్డాక వచ్చిన నోళ్లనూ చూశాను. వాళ్లకూ ముందు నొప్పి లేదు. చుట్ట, బీడీ, సిగరెట్ ఏది అలవాటున్నా, నొప్పి రాకముందే నోరు తెరిచి చూపించుకోండి. మానేసినవాళ్లు, ఎవరెంత బతిమాలినా, ఆ ఒక్కటీ ముట్టుకోకండి.