రేపటి టీకా కోసం ఆగాను

రామతీర్థంలో బోడికొండ కనిపించేలా ఉన్న మా సాలలో ఒక గుంజ ఖాళీగా ఉంది. దానికి కట్టిన జెర్సీ పెయ్య నా తెలివితక్కువతనం వల్లే పోయింది. పిల్లలకు సైన్సు చెప్పినవాణ్ణి, కాబట్టి తప్పు ఇంకా పెద్దది.

"మాస్టారూ, సంకరజాతి పెయ్య. పిడుదుల కాలం వచ్చేలోగా థైలేరియా టీకా వేయిద్దాం. హైదరాబాదులో తయారయ్యే రక్షావాక్-టి ఉంది. ద్రవ నత్రజనిలో పెట్టి తేవాలి, ఒక్క పెయ్య కోసం తేలేం, మరో నాలుగు పశువుల్ని కూడగట్టండి" అన్నారు డాక్టరుగారు.

నేను కూడగట్టలేదు. అప్పటికే ఒక వ్యాసం చదివాను. పిడుదు లాలాజలంతో పశువు ఒంట్లోకి దిగే థైలేరియా పరాన్నజీవి పైపొర మీద స్పాగ్-1 అనే ప్రొటీను, తర్వాతి దశలో టామ్స్-1 అనే మరొకటి ఉన్నాయనీ, వాటితో కొత్త టీకాలు చేయవచ్చనీ అందులో ఉంది. ఇప్పుడున్న టీకాలో బలహీనపరిచిన జీవే బతికి ఉంటుంది. ఒక్క ప్రొటీను చాలినప్పుడు జీవినే ఎందుకు ఎక్కించాలి, కొత్తది రానీ అనుకున్నాను.

వేసవిలో పెయ్య మేత మానేసింది. పక్కింటి మావ దాని చెవి మడత తిప్పి చూపించాడు. రక్తం తాగి ఉబ్బిన పిడుదులు, ఆముదం గింజల్లా. "ఇన్నుంటే సూసుకోనేదేటి మాస్టారూ?" అన్నాడు. జ్వరం మాత్ర వేసి మూడు రోజులు చూశాను. అది రెండో తప్పు. నాలుగో రోజుకి జబ్బ ముందు గ్రంథి కోడిగుడ్డంత అయింది. డాక్టరుగారు అందులోంచి నీరు తీసి, గాజుపలక మీద రంగు వేసి నాకు చూపించారు. తెల్లకణాల లోపల నీలి మచ్చలు. వందేళ్ల పైచిలుకు కిందట రాబర్ట్ కాక్ చూసినవీ ఇలాంటివే. బుపార్వాక్వోన్ సూది పడేసరికే కనురెప్ప లోపల తెల్లగా పాలిపోయింది. మర్నాడు తెల్లారకముందే పెయ్య పోయింది.

ఆ తర్వాత మిగతాది చదివాను. స్పాగ్-1తో పశువుల మీద చేసిన పరీక్షల్లో దొరికింది పాక్షిక రక్షణే. ఈ జీవి తెల్లకణంలో దూరి, ఆ కణాన్నే తనతోపాటు విభజన చెందేలా చేస్తుంది. బయట తిరిగే యాంటీబాడీలు లోపల దాక్కున్నదాన్ని అందుకోలేవు. అందుకే ఏ ప్రొటీను పనికొస్తుందో ఇంకా వెతుకుతున్నారు. శాస్త్రవేత్తలు అభ్యర్థి అని రాస్తే, నేను గెలిచిందని చదువుకున్నాను.

ఆ వెతుకులాట ఫలించాలి. అందాకా మీ ఇంట్లో సంకరజాతి పెయ్యకి రెండు నెలలు దాటితే, డాక్టరుగారిని అడిగి ఇప్పుడున్న టీకా వేయించండి. పిడుదులు దాక్కోకుండా సాల గోడ నెర్రెలు పూడ్చండి. రోజూ చెవి మడత తిప్పి చూడండి.