పంచాంగ మెఱిగిన మహమ్మారి

2022 జనవరిలో కరోనా కట్టడికై ఆంధ్రప్రదేశములో విధించిన రాత్రి కర్ఫ్యూ ముక్కనుమ మఱునాటికి, అనగా 18వ తేదీకి, వాయిదా పడినదని వినినంతనే నాకు కలిగిన సంతోషము ఇంతింత యనరానిది. ఏలయన, రెండేండ్లుగా మనము క్రూరమనియు మూఢమనియు నిందించుచు వచ్చిన ఆ సూక్ష్మజీవి నిజమునకు మిక్కిలి మర్యాద తెలిసినదనియు, పంచాంగము చూడనేర్చినదనియు, పెద్దపండుగకు అల్లుండ్రు అత్తవారిండ్లు చేరి, గారెలు ఆరగించి, పందెపుకోళ్ళపై జేబులు ఖాళీ చేసికొని, మరల బస్సెక్కువఱకు ఊరి పొలిమేరలో చేతులు కట్టుకొని నిలువగలదనియు అప్పుడు గదా తేటతెల్లమైనది!

దాని దినచర్యయు విచిత్రమే. పగలంతయు కిక్కిఱిసిన బట్టలకొట్లలోను, బస్టాండులలోను, సినిమా టిక్కెట్టు వరుసలలోను హాయిగా నిద్రించి, రాత్రి 11 గంటలకు ఆవులించి మేల్కొని, నరసంచారము లేని వీధులలో ఆహారము వెదకుకొనుచు తిరిగి తిరిగి, తెల్లవాఱుజామున 5 గంటలకు నిరాశతో మరల పండుకొను ఈ నిశాచరి యెదుట రామాయణములోని రాక్షసులు ఏపాటి!

అయితే భోగిమంట వేయునది సరిగా ఆ నిషిద్ధవేళయందే. కావున పాతచేటలకన్న, విఱిగిన తలుపులకన్న ముందుగా, సిరాయైన ఆఱని ఉత్తర్వే భోగిమంటలో పడినది. ఇక పట్టణములోని తుమ్ములు పల్లెకును, పల్లెలోని దగ్గులు పట్టణమునకును నిర్విఘ్నముగా చేరిన పిదప, ఎలుకలు తిని వెడలిన గాదెకు గడియ వేసినట్లు, వీధులకు గడియ వేయుదుమనిరి. ఇట్టి దూరదృష్టికి దూరదర్శిని యేల?

'మనవాళ్ళమే గదా, మనకేమి?' అను మా బావగారి సిద్ధాంతము ప్రకారము వైరసు వంశవృక్షము పరిశీలించి మఱి యంటును. ఒమిక్రాను ఒట్టి జలుబేయని నాకు బోధించిన పెద్దమనిషి, మాస్కు గడ్డము క్రిందికి లాగి, బోధ ముగియులోపల మూడుమార్లు తుమ్మెను.

చాలును, ఇక నవ్వు రాదు. 2021 మే నెలలో ఆంధ్రనుండి వచ్చు అంబులెన్సులను తెలంగాణ సరిహద్దున నిలిపివేసి, లోపల రోగి ఊపిరికై కొట్టుకొనుచుండగా, పాసు ఏదీ యని అడిగిరి. హైకోర్టు కలుగజేసికొనిన గాని దారి విడువలేదు. శవము వెంట 20 మందికి మించి నడువరాదనిరి. మా పెదనాన్నగారు పోయిననాడు ఆ లెక్కలో నేను లేను. ఏడ్వవలసినప్పుడు గుమ్మము దాటనీయనివారు, కోడికాలికి కత్తి కట్టువేళకు 'మీ యిష్టము, పొండు' అనిరి. అనుమతి వేఱు, క్షేమము వేఱు. నిషేధమును వాయిదా వేసినంతమాత్రమున రోగము వాయిదా పడదు. తల్లిని చూడ వెళ్ళవలెనా మానవలెనా యను నిర్ణయమును మాత్రము, దాని పాపముతో కూడ, మా నెత్తిన పడవేసి, దానికి ప్రజాభీష్టమని పేరు పెట్టినారు. నేను హైదరాబాదునుండి మోసికొనిపోవునది ఏమైనను, దానిని పీల్చవలసినది కోనసీమలో ఒంటరిగానున్న మా యమ్మ. ఎనుబదియేండ్ల ఆమె ఊపిరితిత్తులకు పండుగ సెలవు లేదు.

ఆ రాత్రి ఆమెకు ఫోను చేసి, రానా మాననా యని నసిగితిని. ఆమె సమీక్షాసమావేశ మేమియు జరుపలేదు.

'ఇప్పుడు రాకురా. ఈ జనమంతా వచ్చి వెళ్ళనీ, ఈ జ్వరాలు తగ్గనీ. రథసప్తమి నాటికి చూద్దాం. అరిసెలు డబ్బాలో పెట్టుంచుతాను, నెల్లాళ్ళైనా పాడవ్వవు' అన్నది.

పంచాంగము చూచుట యనగా అది.